చెదరని చేతులు

మేడమీది వెనక గది నుంచి

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఈసారి నీ క్షేమం అడగడం ఒక్క ముక్కలో కానిచ్చేసి మిగతా కాగితమంతా నా గోలతో నింపుతాను, ఓపిక పట్టు.

నాకో పని దొరికింది. దొరికినట్టే దొరికి చేతిలోంచి జారిపోయేలా ఉంది. వినపడని పిల్లలకి సైగల భాషలో కథలు చెప్పడం. నాలాంటి పిల్లలే అందరూ. తలా ఒక మూల ఉంటారు, చుట్టుపక్కల సైగలు తెలిసిన మనిషి ఒక్కరుండరు. వారంలో కొన్ని సాయంత్రాలు నేనిక్కడ లాప్‌టాప్ ముందు నించుని చెబితే వాళ్ళక్కడ తెరమీద చూస్తారు. వాళ్ళ చేతులు నాకు చిన్న చిన్న గళ్ళలో కనిపిస్తాయి. ఆ ఒక్క గంటే వాళ్ళు ఎవరితోనైనా మాట్లాడేది. అందులో ఒక పాప ఉంది, రెండు ముందు పళ్ళూ ఊడిపోయాయి, తెరకి ముక్కు ఆనించి మరీ చూస్తుంది.

మొదటి రోజు ఏనుగు కథ మొదలుపెట్టాను. తొండం ఎత్తేసరికి నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. నేనాపలేదు, తెరమీద ఆగింది. తర్వాత వేళ్ళు గళ్ళు గళ్ళుగా విడిపోయి, అరచెయ్యి మసకై, ఏనుగు నీళ్ళు తాగిందో నీళ్ళలో పడిందో ఎవరికీ తెలియకుండా కథ అయిపోయింది. పళ్ళూడిన పాప చెయ్యెత్తి అడిగింది: “నీ వేళ్ళేవీ?”

ఫోన్‌లో మాట తెగితే వినేవాళ్ళు ముందూ వెనకా చూసి అతికించుకుంటారట. నాకేం తెలుసు, నీకే తెలియాలి. వేళ్ళు తెగితే మాత్రం అతికించుకోడానికి ఏమీ మిగలదు.

ఈ పని ఇప్పించిన సంస్థ మేడమ్ కాగితం మీద రాసి చూపించింది. “మీరు చెప్పే తీరు నాకు నచ్చింది. కానీ కనిపించకపోతే పిల్లలకేం లాభమండీ? కాస్త గడువిస్తాను, మళ్ళీ వచ్చి చూస్తాను” అని. అప్పటికి బాగుపడకపోతే ఈ క్లాసు ఆగిపోతుంది. చెప్పడానికి ఇంకో మనిషి లేదు వాళ్ళ దగ్గర.

గాలిలో తిరిగే వైర్‌లెస్ దొంగల్ని పట్టుకునే ఇంజనీరు నాకు అక్క అయ్యుండి, మా ఇంటి వైఫై నన్నిలా ఆడిస్తోందంటే ఎవరికి సిగ్గు చెప్పు?

అన్నట్టు, మా ఆయన, అదే మీ మరిది, మొన్న మీ ఆఫీసుకి ఫోన్ చేశాడట. “వదినగారికి నామీద కోపమేమైనా ఉందా?” అని అడుగుతున్నాడు. ఉందా?

నీ చెల్లి

*

లోయలోని క్వార్టర్స్ నుంచి

బంగారూ,

కోపం ఎవరిమీదా లేదు. మరిదికి చెప్పు, ఇక్కడి ఫోన్ లైను ముసలిది, గరగరలాడుతుంది.

నీ పని గురించి చదివి సంతోషంతో క్వార్టర్సంతా ఓ చుట్టు చుట్టొచ్చాను. చిన్నప్పుడు భోజనాల దగ్గర కంచం పక్కకి నెట్టి చేతులతో కథలు చెప్పి, పప్పు గోడకి అంటించిన పిల్లవి నువ్వు. ఆ చేతులకి ఇన్నాళ్ళకి చూసేవాళ్ళు దొరికారు. దాన్ని ఒక వైఫై డబ్బా చెడగొడుతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా?

ఇక్కడ మా బతుకు నీకు పూర్తిగా తలకిందులు. కొండల మధ్య రేడియో టెలిస్కోపుల పెద్ద పెద్ద గిన్నెలు ఆకాశంవైపు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. నక్షత్రాల దగ్గర్నుంచి వచ్చే సంకేతం ఎంత సన్ననిదంటే, లోయలో ఒక్క సెల్‌ఫోన్ ఆన్ చేస్తే చాలు, అది మునిగిపోతుంది. అందుకే సెల్‌ఫోన్ లేదు, వైఫై లేదు, కంప్యూటర్లన్నీ తీగల మీదే. జీపు మీద యాంటెన్నా బిగించుకుని తిరగడం, దొంగచాటుగా కూస్తున్న వస్తువుని పట్టుకోవడం నా పని. పోయిన వారం మా లెక్కల ప్రొఫెసర్ ఇంట్లో నడుంనొప్పికి పెట్టుకునే కరెంటు దిండు పట్టుకున్నాను. ఆయన దాన్ని గుండెలకి హత్తుకుని, “దీన్ని తీసుకుపోతే నన్ను కూడా తీసుకుపోండి” అన్నాడు.

సరే, నీ కేసు. నేను అక్కడ లేను గనక నువ్వే నా జీపువి. ఇవి రాసి పంపు: వైఫై డబ్బా ఏ గదిలో, దేని పక్కన, ఎంత ఎత్తులో ఉంది? దానికీ నీ లాప్‌టాప్‌కీ మధ్య ఏమేం ఉన్నాయి? గోడలే కాదు, బీరువాలు, అద్దాలు, అన్నీ రాయి. చేతులు చెదిరే క్షణంలో ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు? ఇది అన్నిటికన్నా ముఖ్యం. పరిగెత్తుకెళ్ళి చూడు.

అక్క

*

మేడమీది వెనక గది నుంచి

అక్కా,

చదివి నవ్వకు.

డబ్బా కింద అత్తగారి గదిలో ఉంది. గోడలో ఉన్న అలమరలో. దాని లైట్లు మిణుకుమిణుకుమంటుంటే నిద్ర పట్టడం లేదని ఆవిడ అలమర తలుపు మూసేస్తుంది. దుమ్ము పడకుండా పూలు కుట్టిన ముసుగు కూడా తొడిగింది. అలమర ముందు చేపల తొట్టి. పైన స్లాబు. దాని మీద నా గది, గది మధ్యలో నిలువుటద్దాల బీరువా. ఆ బీరువా వెనకాల నేను.

ఇక ఎవరేం చేస్తున్నారన్న ప్రశ్న. నువ్వు చెప్పినట్టే పిల్లలకి “ఉండండి” అని సైగ చేసి మెట్లు దిగి పరిగెత్తాను. మీ మరిది వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్‌లో వెన్న కరిగిస్తున్నాడు. తెలుసుగా, పొద్దున్నే కేకులు బేకరీకి వెయ్యాలంటే పిండి సాయంత్రమే కలపాలి. మర్నాడు మళ్ళీ చెదిరాయి, మళ్ళీ దిగాను, మళ్ళీ వెన్నే. మూడోసారి చాక్లెట్. నన్ను చూసి గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. “నేనేం చేశానే?” అన్నాడు. పాపం, ఆ ముఖం చూడాలి నువ్వు.

వెన్న లేని రోజుల్లో కూడా చేతులు మొరాయిస్తాయి. అప్పుడు దిగి చూస్తే అత్తగారు పెద్ద టీవీలో సీరియల్ చూస్తూ ఉంటుంది. అది కూడా వైఫై మీదే వస్తుంది. హెచ్‌డీ అయితే గాని ఆవిడకి తృప్తి ఉండదు. “ఆ కోడలి ముక్కుపుడకలో రాయి ఏ రంగో తెలియకపోతే చూసి ఏం లాభం అమ్మాయ్?” అంటుంది. అత్తగారి పెదాలు చదవడం నాకు తేలిక, కోపమొస్తే మరీ తేలిక.

ఇంతకీ నా చేతులు వెన్నలో కరుగుతున్నాయా, ముక్కుపుడకలో ఇరుక్కున్నాయా?

ఇంకొకటి. నీ ఆఫీసు కంప్యూటర్లకి తీగ ఉందన్నావుగా, ఓ సాయంత్రం దాంట్లో నా క్లాసు చూసి ఎలా ఉందో చెప్పరాదూ?

నీ చెల్లి

*

లోయలోని క్వార్టర్స్ నుంచి

బంగారూ,

నవ్వాను. క్షమించు. ఆ డబ్బాని ఇంతకన్నా భద్రంగా దాచాలంటే పాతిపెట్టాలి.

ఇప్పుడు విను. వైఫైని నీళ్ళు తాగేస్తాయి, అద్దం వెనకున్న పూత వెనక్కి తన్నేస్తుంది. స్లాబులో ఇనుము ఉంటుంది, అది సగం మింగేస్తుంది. అంటే అత్తగారి అలమరలోంచి బయల్దేరిన సంకేతం ముసుగు దాటి, తలుపు దాటి, చేపల్ని పలకరించి, ఇనుములో ఇరుక్కుని, అద్దానికి గుద్దుకుని నీ దగ్గరికొస్తోంది. అది వస్తున్నందుకే దానికి దండం పెట్టాలి.

మీ డబ్బాకి రెండు దారులుంటాయి. ఒకటి 2.4 అని ఉంటుంది, ఇంకొకటి 5 అని ఉంటుంది. మొదటిది దూరం పోతుంది గాని దాని నిండా జనమే: పక్కింటి వైఫై, అందరి పరికరాలూ, మరిది ఓవెన్ కూడా. ఓవెన్ తలుపు సందుల్లోంచి కాస్త కారినా ఆ దారంతా రొద. రెండోది ఖాళీగా, విశాలంగా ఉంటుంది, కానీ దానికి గోడలంటే భయం. కాబట్టి:

డబ్బాని అలమరలోంచి తీసి మెట్లమీద మలుపు దగ్గర, గోడకి ఎత్తుగా పెట్టించు. అక్కణ్ణుంచి నీ గది తలుపు కనబడాలి, తలుపు తెరిచి ఉండాలి. లాప్‌టాప్‌ని 5 దారిలో పెట్టు. వెన్న సంగతి అక్కడితో తీరిపోతుంది, మరిదిని ఏమీ అనకు. బీరువాని పక్క గోడకి జరిపించు. అత్తగారి టీవీకి డబ్బా నుంచి ఒక తీగ లాగించు. టీవీ ఎక్కడికీ నడిచి వెళ్ళదు గదా, దానికి గాలెందుకు? గాలిని నీ చేతులకి వదిలేద్దాం. ఆవిడకి బొమ్మ ఇంకా బాగా వస్తుందని చెప్పు. అబద్ధం కాదు, నిజంగానే వస్తుంది.

ఇంకో మాట. అందరూ బొమ్మ ఎంత నున్నగా ఉందో చూస్తారు. నీకు కావాల్సింది అది కాదు. సెకనుకి ఎన్ని బొమ్మలు వెళుతున్నాయన్నది చూసుకో. హెచ్‌డీలో పెద్ద మెట్టు బదులు చిన్న మెట్టు ఎంచుకుని, కదలిక ఎక్కువ వెళ్ళేలా పెట్టు. కిటికీకి వీపు పెట్టి నించోకు. వెలుగు తక్కువైతే కెమెరా బద్ధకిస్తుంది, వేళ్ళు తోకచుక్కల్లా సాగుతాయి. దీపం ముందు పెట్టుకో.

ఆఫీసులో చూడ్డం కుదరదులే. అక్కడ పని ఎక్కువ.

అక్క

*

మేడమీది వెనక గది నుంచి

అక్కా,

ముందు శుభవార్త. చేతులు నిలబడ్డాయి!

డబ్బా కదిలించడమంటే ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది. అత్తగారు అలమరకి అడ్డంగా కుర్చీ వేసుక్కూచుంది. “నా గదిలో ఉన్నది నా సీరియల్ కోసమే. మెట్లమీద పెడితే నాకు బొమ్మ ఆగిపోదూ?” అంది. మీ మరిది మధ్యలో నలిగిపోయి, “అమ్మా, తీగ వేస్తే ముక్కుపుడకేం ఖర్మ, అందులో కెమెరావాడి నీడ కూడా కనిపిస్తుందట” అన్నాడు. ఆవిడ కుర్చీ జరిపింది. తీగ బిగించాక టీవీ ముందు కూర్చుని, నన్ను పిలిచి, “అమ్మాయ్, ఇది పగడం! ఇన్నాళ్ళూ కెంపు అనుకున్నాను” అంది. ఆ రోజు నుంచి మీ అక్క, మీ అక్క అని నీ జపమే. పూల ముసుగు మాత్రం వదల్లేదు, ఓవెన్‌కి తొడిగింది.

మొన్న మేడమ్ వచ్చి నా పక్కనే కూర్చుని క్లాసంతా చూసింది. ఏనుగు నీళ్ళు తాగింది, చల్లింది, పళ్ళూడిన పాప కుర్చీలోంచి దొర్లేంతగా నవ్వింది. తర్వాత ఆ పాపే లేచి నాకొక కథ చెప్పింది. వాళ్ళ నాన్న గొడుగు గాలికి ఎగిరిపోయిన కథ. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. క్లాసు ఖాయం అక్కా.

ఇప్పుడు అసలు సంగతి.

నిన్న మీ మరిది నీకు ఈ కబురు చెబుదామని మళ్ళీ ఫోన్ చేశాడు. నేను పక్కనే నించుని అతని పెదాలు చూస్తూనే ఉన్నాను. “వదినగారూ, పని ఖాయమైంది” అన్నాడు. ఏం అందని అడిగాను. “అవునవును” అందన్నాడు. “మీరెప్పుడొస్తారు?” అన్నాడు. “బాగానే ఉన్నాను” అన్నావట. “అక్కడ వానలా?” అన్నాడు. నవ్వి, “సరే సరే, అలాగే” అని పెట్టేశావట. అతనికి అది కోపంలా అనిపించింది.

నాకలా అనిపించలేదు. అవునవును, బాగానే ఉన్నాను, నవ్వు, సరే సరే. అక్కా, అది నా విద్య. బళ్ళో, బస్సులో, పెళ్ళిచూపుల్లో, అత్తగారి చుట్టాల మధ్య, ఊహ తెలిసిన దగ్గర్నుంచి నేను చేస్తున్నదదే. ఎదుటివాళ్ళ మాట అందనప్పుడు ఎక్కడ నవ్వాలో, ఎక్కడ తలూపాలో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. నా విద్య నామీదే ప్రయోగిస్తే ఎలా?

ఏ చెవి? ఎప్పట్నుంచి?

నీ చెల్లి

*

లోయలోని క్వార్టర్స్ నుంచి

బంగారూ,

ముందు ఎడమది. పోయిన చలికాలం నుంచి కుడిది కూడా.

రాయడం తేలికే అని ఇప్పుడు తెలుస్తోంది. ఇన్నాళ్ళూ కష్టమనుకున్నాను.

డాక్టరు పెద్ద కాగితం మీద గీత గీసి చూపించాడు, మెట్లు దిగుతున్నట్టు. “ఆపలేమండీ. దిగే వేగం తగ్గించగలం, అంతే” అన్నాడు. ఆ మాట కూడా రెండుసార్లు చెప్పించుకున్నాను. ఉద్యోగానికేం ఢోకా లేదు. మేము సంకేతాల్ని చెవులతో వినం, తెరమీద గీతల్లా చూస్తాం. పక్కవాళ్ళు పిలిచినప్పుడు జీపు చప్పుడు వంక పెడుతున్నాను. ఫోన్‌కి ముసలి లైను వంక పెట్టాను. ఆఫీసులో నీ క్లాసు చూడకపోవడానికి పని వంక పెట్టాను. నిన్ను చూస్తే ముఖం మీద దాచలేనని భయం.

చెవి మిషను పెట్టుకోమన్నారు. ఇక్కడ ఒంటిమీద ఏ కరెంటు వస్తువున్నా లోయకి హాని చెయ్యదని పరీక్షించి సంతకం పెట్టాలి. ఆ పరీక్ష చేసేది ఎవరనుకున్నావు? నేనే. నా చెవి మిషన్ని నేనే బల్లమీద పెట్టి, అందరి ముందూ యాంటెన్నా పట్టుకుని, ఇది నాది అని రాసుకోవాలి. అందుకే దాన్ని కొన్న పెట్టెలోనే ఉంచాను. నవ్వు, పరవాలేదు. లెక్కల ప్రొఫెసర్ కరెంటు దిండు జ్ఞాపకమొచ్చి నేను కూడా నవ్వాను.

నా భయం చెవుల గురించి కాదే. చిన్నప్పట్నుంచి కొట్లోనూ ఆస్పత్రిలోనూ నీ బదులు నేనే మాట్లాడాను. ఇప్పుడు నా బదులు ఎవరు? నువ్వు హాస్టల్ బడికి వెళ్ళి అసలు సైగల భాష నేర్చుకుని వచ్చావు. నాకు తెలిసింది మనం వంటింట్లో కల్పించుకున్న నాలుగు సైగలే: అన్నం, అమ్మ వస్తోంది, దాక్కో, బెల్లం. వీటితో ముసలితనం దాకా ఎలా నెట్టుకురావడం?

మరిదికి చెప్పు, అతనంటే నాకెంత ఇష్టమో.

అక్క

*

మేడమీది వెనక గది నుంచి

అక్కా,

ఉత్తరం చదివి ఏడ్చాను. మీ మరిదికి చూపించాను. అతను కూడా ఏడ్చి, నీకు కేకు పంపుతానని బయల్దేరాడు. దారిలో పాడైపోతుందని ఆపాను. అత్తగారు మా ఇద్దర్నీ చూసి, “ఎవరో పోయినట్టు ఆ ఏడుపేమిటి? చెవులేగా. మా అమ్మాయికి లేవు, ఇల్లంతా ఏలడం లేదూ?” అంది. అది నన్ను మెచ్చుకోవడమో తిట్టడమో తేల్చుకునేలోగా టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏడుపు అయిపోయింది. ఇప్పుడు పని.

నీ బదులు ఎవరూ మాట్లాడక్కర్లేదు. నువ్వే మాట్లాడతావు, చేతులతో. వచ్చే వారం నుంచి నా క్లాసులో నువ్వు విద్యార్థివి. ఆఫీసులో తీగ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చో. పని ఎక్కువ అని రాస్తే ఆ ఉత్తరం చింపేస్తాను. వయసుకి తగ్గ క్లాసు కావాలని గొణగకు, నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. నీ తోటివాళ్ళలో సగం మందికి పాలపళ్ళు పోలేదు. వాళ్ళు నిన్ను వెక్కిరిస్తారు, ఓర్చుకో.

చెవి మిషను తీసి బల్లమీద పెట్టు. అందరి ముందూ పరీక్ష చెయ్యి. నువ్వు పట్టుకున్న దొంగల్లో అదే మొదటి దొర అవుతుంది.

ఇంకొక్క సంగతి. నువ్వు నాకు అక్కవి, అది మారదు. కానీ ఆ గంటసేపు నేను టీచర్ని.

నీ చెల్లి

*

లోయలోని క్వార్టర్స్ నుంచి

టీచరుగారికి,

మిషను పరీక్ష అయింది. లోయకి దానివల్ల ఏ హానీ లేదని నేనే సంతకం పెట్టాను. లెక్కల ప్రొఫెసర్ వచ్చి చూసి, నా ఎదురుగా నిలబడి, ప్రతి అక్షరం విడదీస్తూ, “ఇంతకాలం మీరు నా జోకులకి నవ్వింది వినపడకేనా?” అన్నాడు. వినపడితే నవ్వేదాన్ని కాదని చెప్పాను.

ఇక నిన్నటి క్లాసు. నువ్వు అక్కణ్ణుంచి చూశావు, నేనిక్కణ్ణుంచి ఏం చూశానో రాస్తాను.

కంప్యూటర్ గదిలో ఇంకెవరూ లేరు. తెర తెరుచుకునేసరికి నువ్వు నిలువెత్తున నిలబడి ఉన్నావు. వేళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. చిటికెన వేలి గోరు మీద మైదా పిండి కూడా. నీ వెనక తలుపులోంచి అత్తగారు తొంగిచూసి, తెరమీద నన్ను పట్టుకుని, ఏదో అంది. వినపడలేదు గాని “పగడం” అన్న పెదాలు చదవగలిగాను! నేను చదివిన మొదటి మాట అదే.

నా గడి పిల్లల గళ్ళ మధ్యకి రాగానే పళ్ళూడిన పాప నావైపు వేలు చూపించి నిన్నేదో అడిగింది. ఆ వేలు, విప్పారిన కళ్ళు చూస్తే అర్థమైంది, ఈ పెద్దావిడ ఎందుకొచ్చిందని. నువ్వు చెయ్యి నావైపు తిప్పావు, నువ్వే చెప్పు అన్నట్టు.

నువ్వు ఉత్తరంతో పంపిన సైగల బొమ్మల కాగితం చూసి సాధన చేస్తూనే ఉన్నాను. అద్దం ముందు బాగానే వచ్చింది. అక్కడ భయపడుతూనే చేతులెత్తాను. చెవి చూపించాను, లేదన్నాను. నువ్వు, నేను, అక్క, చెల్లి. నేర్చుకోవడానికి వచ్చాను. ఎక్కడో తడబడ్డట్టున్నాను, ఆ పాప తల అడ్డంగా ఊపి, తన చేత్తో సరిచేసి, మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చేశాను. సరే అని తలూపింది.

అప్పుడు నీ బొమ్మ ఆగిపోయింది.

చేతులు సగంలో ఉన్నాయి, ముఖం కదలడం లేదు. అయ్యో, ఇంత చేసినా మళ్ళీ తెగిందే అనుకున్నాను. మెట్లమీద డబ్బా వేడెక్కిందా, ఎవరైనా తలుపు మూశారా, ఇటు తీగ ఊడిందా అని బల్ల కిందికి దూరి చూశాను. అంతా బాగానే ఉంది. మళ్ళీ కుర్చీలోకి వచ్చి తెర చూస్తే నీ వెనక తలుపు పరదా గాలికి ఊగుతోంది. పిల్లలు కదులుతున్నారు. అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఒక్క నువ్వే నిలబడిపోయావు.

నేను కూడా కదల్లేదు.

కాసేపటికి నువ్వు తేరుకుని, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, టీచరు ముఖం పెట్టి, నావైపు చూసి “కూర్చో” అన్నావు. ఆ సైగ నాకు వెంటనే అర్థమైంది. అప్పటికే కూర్చుని ఉన్నాను గనక, లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాను.

నీ విద్యార్థిని